ఎవరూ చూడని గల్తీకి రెండు చక్కర్లు

మన గల్లీల్లో బచ్చాలు ఏ ఆట ఆడినా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "ఎవరు చూశారు?" బ్యాటు అంచుకు బంతి తగిలి కీపర్ చేతిలో పడ్డా అదే మాట. క్యారమ్స్‌లో వేలు కాయిన్‌కి తగిలినా అదే మాట. చూసినవాడు లేకపోతే గల్తీ జరగనట్టే లెక్క. పెద్దవాళ్లం మనం మాత్రం ఏం తక్కువ? చౌరస్తాలో పోలీసు లేడంటే ఎర్ర లైటు మనకి ఎర్రగా కనబడదు. తూకం దగ్గర, పరీక్ష హాల్లో, ఆఫీసు రిజిస్టర్‌లో కూడా ఇదే సవాల్. ఎవరు చూశారు?

ఈ సవాల్‌కి జాగా లేని ఒక ఆట గురించి ఈసారి రాస్తున్నా. చిన్న తెరచాప పడవల పందెం. డింగీ రేసింగ్ అంటారు. మూడేళ్లుగా మా ఆపా కొడుకుని బైక్ మీద ఎక్కించుకుని తాలాబ్ ఒడ్డుకి తీసుకెళ్లే పని నాది. వాడు నీళ్ల మీద ఉన్నంతసేపు నాకు ఒడ్డున వేరే కామ్ ఉండదు కాబట్టి, ఆ ఆట కాయిదాల పుస్తకం చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ నాకు ఒక రాయ్ ఏర్పడింది. మెడల్ వచ్చినా రాకపోయినా, ఈ ఆటలో మన పిల్లలకి దొరికే తాలీమ్ ఇంకెక్కడా అంత సులువుగా దొరకదు. ఆ తాలీమ్‌ని ఖరాబ్ చేస్తున్నది మాత్రం ఒడ్డున నిలబడే మనమూ, విచారణ గదిలో కూర్చునే క్లబ్బుల పెద్దలూ. అదెలాగో చెప్పాలంటే ముందు ఆట ఎలా నడుస్తుందో చెప్పాలి. ఓపిగ్గా వినండి.

ముందు కష్తీ సంగతి

డింగీ అంటే ఒకరో ఇద్దరో నడిపే చిన్న కష్తీ. ఇంజన్ ఉండదు, తెడ్లతో నడపరు. తెరచాప, చుక్కాని, కింద నీళ్లలోకి దించే ఒక పలక. అంతే సామాను. మిగతా పనంతా హవాది. పదిహేనేళ్ల లోపు పిల్లలు నడిపేదాన్ని ఆప్టిమిస్ట్ అంటారు. పొడవు 2.3 మీటర్లు, పెంకు బరువు 35 కిలోలు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే కారీగర్ దీన్ని గీశాడు. మామూలు ఇళ్ల పిల్లలకి కూడా అందేలా ప్లైవుడ్ చెక్కతో తక్కువ ఖర్చులో అయ్యే పడవ కావాలని అడిగితే గీసిచ్చిన నమూనా అది. ఇంకాస్త పెద్దయ్యాక లేజర్. ఇప్పుడు దాని పేరు ఇల్కా. ఒకే పెంకు మీద మూడు సైజుల తెరచాపలు మార్చుకోవచ్చు. తేలికపాటి పిల్లలకి 4.7 చదరపు మీటర్లది, మధ్యవాళ్లకి 5.76ది, బరువైన మగవాళ్లకి 7.06ది.

"సముద్రం లేని హైదరాబాద్‌లో ఈ షౌక్ ఏంటి భాయ్?" అని నన్ను చాలామంది అడిగారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా జమానాలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ ఉంది కదా. హుస్సేన్ షా వలీ పేరు మీద ఉన్న ఆ తాలాబ్‌లో వానాకాలం రాగానే నైరుతి హవా బాగా తగులుతుంది. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అన్నీ ఆ నీళ్ల మీదే ఉన్నాయి. భోపాల్‌లో కూడా సముద్రం లేదు. అక్కడి బడా తాలాబ్ మీద నేషనల్ సెయిలింగ్ స్కూల్ ఉంది. అక్కడ నేర్చుకున్న నేహా ఠాకూర్ 2023లో జరిగిన హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఇల్కా 4లో రజతం తెచ్చింది. అదే పోటీల్లో మన ఈబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో కాంస్యం, విష్ణు శరవణన్ ఇల్కా 7లో కాంస్యం తెచ్చారు. సముద్రం ఉందా లేదా అన్నది అసలు మస్లా కాదు.

ఐదు నిమిషాల లెక్క

పరుగు పందెంలో అందరూ గీత మీద నిలబడి తుపాకీ మోత కోసం చూస్తారు. పడవ నిలబడదు. హవా దాన్ని తోస్తూనే ఉంటుంది. అందుకని ఈ పందెం మొదలయ్యే తరీఖా వేరు. కమిటీ పడవ మీది జెండా కర్రకీ, కొంచెం దూరాన వేసిన గుర్తుకీ మధ్య కనబడని గీత ఉంటుంది. ఐదు నిమిషాల ముందు ఆ తరగతి జెండా లేస్తుంది, ఒక మోత. నాలుగు నిమిషాల ముందు తయారీ జెండా లేస్తుంది, మళ్లీ ఒక మోత. మామూలుగా అది నీలం మధ్యలో తెల్ల చౌకం. ఒక్క నిమిషం ఉందనగా ఆ తయారీ జెండా దిగుతుంది, ఈసారి పొడుగు మోత. సున్నాకి తరగతి జెండా దిగుతుంది. అదే షురూ.

ఇక్కడ ఒక కాయిదా నాకు చాలా నచ్చింది. టైము జెండాని చూసి లెక్కపెట్టాలి, మోతని విని కాదు. హారన్ మోగకపోయినా, చెవిన పడకపోయినా "నాకు వినబడలేదు" అనే బహానా చెల్లదు. కళ్లు తెరిచి చూస్తూ ఉండటం నీ జిమ్మేదారీ.

గీత దగ్గర పాతిక పడవలు గిరగిరా తిరుగుతుంటాయి. ఎవరి పడవ అయినా సున్నాకి ముందే గీత దాటితే తెలుపు మీద నీలం సిలువ ఉన్న జెండా లేచి, ఒక మోత మోగుతుంది. జెండా మీద పేరు రాసి ఉండదు. "నంబర్ పన్నెండు, నువ్వే" అని కమిటీ పిలిచి చెప్పాలని కూడా లేదు. దాటినవాడికి తన సంగతి తనకి తెలియాలి. వెనక్కి తిరిగి, గీత అవతలికి పోయి, మిగతావాళ్లకి అడ్డం రాకుండా మళ్లీ మొదలుపెట్టాలి. ఆ జెండా మహా అయితే నాలుగు నిమిషాలు ఉంటుంది. తిరిగి రాకుండా అలాగే పోయినవాడు పందెం మొత్తం మొదటి స్థానంలో నడిపినా లెక్కలోకి రాడు. చాలామంది ఒకేసారి దాటి, ఎవరెవరో కమిటీకి తేలకపోతే నీలం-పసుపు త్రికోణం జెండా ఎత్తి అందరినీ వెనక్కి పిలుస్తారు. ఎర్ర-తెల్ల చారల జెండా లేస్తే పందెం కాసేపు వాయిదా. నీలం-తెలుపు గళ్ల జెండా లేస్తే ఆ పందెం రద్దు. ఒడ్డున నిలబడి చూసే అమ్మీలకి, అబ్బాలకి ఈ నాలుగు జెండాలు తెలిస్తే చాలు, సగం ఆట సమఝ్ అయిపోతుంది.

దారి ఎవరిది?

నీళ్ల మీద రోడ్డు లేదు, గీతలు లేవు. దారి హక్కు ఎవరిదో హవా చెబుతుంది. మూడు అసలు కాయిదాలు. ఒకటి: హవా కుడివైపు నుంచి తగులుతూ తెరచాప ఎడమకి ఉన్నవాడికి దారి హక్కు. ఎదురుగా తెరచాప కుడికి ఉన్నవాడు తప్పుకోవాలి. రెండు: ఇద్దరిదీ ఒకే వైపు అయి, పక్కపక్కన పోతుంటే, హవా వచ్చే వైపు ఉన్నవాడు కింద వైపు ఉన్నవాడికి తప్పుకోవాలి. పైవాడు కిందివాడి హవా ఆపగలడు కాబట్టి బరువు పైవాడి మీద పెట్టారు. మూడు: వెనక నుంచి వచ్చేవాడు ముందువాడికి తప్పుకోవాలి. ఇక మలుపు దగ్గర, గుర్తుకి మూడు పడవల పొడవంత దూరంలోకి వచ్చేసరికి లోపలివైపు ఆనుకుని ఉన్నవాడికి బయటివాడు తిరిగేంత జాగా ఇవ్వాలి. ఆప్టిమిస్ట్‌కి ఆ దూరం దాదాపు ఏడు మీటర్లు. ఇంట్లో పెద్ద హాలంత.

ఇక్కడ ఇంకో బారీక్ సంగతి ఉంది. నీకు హక్కు ఉంది కదా అని ఎదుటివాణ్ణి గుద్దకూడదు. గుద్దుకోకుండా తప్పించుకునే వీలున్నంతవరకు హక్కు ఉన్నవాడు కూడా తప్పించుకోవాలి. దారి హక్కు ఉన్నవాడు అకస్మాత్తుగా పడవ తిప్పితే, ఎదుటివాడు తప్పుకోవడానికి జాగా ఇవ్వాలి. అంటే హక్కు చేతిలో ఉన్నవాడి మెడకి కూడా ఒక జిమ్మేదారీ తగిలించారు. మన జాయిదాద్ తగాదాల్లో, బిరాదరీ పంచాయతీల్లో హక్కు గురించి గంటలకొద్దీ మాట్లాడతాం. హక్కు ఉన్నవాడి మీద ఏం బాకీ ఉందో ఎవరూ ఎత్తరు. పదేళ్ల పిల్ల ఆ ముక్క నీళ్ల మీద రోజూ నేర్చుకుంటోంది.

సజా నీకు నువ్వే వేసుకో

ఇప్పుడు అసలు మాట. ఇన్ని కాయిదాలు ఉన్నాయి, మరి తోడినవాణ్ణి పట్టుకునేదెవరు? మామూలు డింగీ పందెంలో ప్రతి పడవ వెనకా అంపైర్ ఉండడు. ఉండటం కుదరదు కూడా. పాతిక పడవలు కిలోమీటరు నీళ్ల మీద చెల్లాచెదరుగా ఉంటాయి. అందుకే వరల్డ్ సెయిలింగ్ వాళ్ల కాయిదాల పుస్తకం మొట్టమొదటే ఒక ఉసూల్ రాసుకుంది. కాయిదా తోడానని తెలిసిన పోటీదారు వెంటనే తనంతట తానే సజా తీసుకోవాలి, లేదంటే పందెం వదిలి వెళ్లాలి. ఈ పుస్తకాన్ని నాలుగేళ్లకోసారి దిద్దుతారు, ఇప్పుడు నడుస్తున్నది 2025–2028ది. ఎన్నిసార్లు దిద్దినా ఆ ఉసూల్ మాత్రం కదలలేదు.

సజా ఏమిటంటే చక్కర్లు. ఇంకో పడవ దారి హక్కు తోడితే రెండు చక్కర్లు. గుర్తుని ముట్టుకుంటే ఒక చక్కర్. ముందు మిగతా పడవలకి దూరంగా జరగాలి, ఆలస్యం చేయకుండా ఒకే దిశలో పూర్తిగా తిరగాలి. ప్రతి చక్కర్‌లో పడవ ముక్కు ఒకసారి హవాకి ఎదురుగా తిరగాలి, తోక ఒకసారి తిరగాలి. గట్టి హవాలో తోక తిప్పేటప్పుడు పడవ బోల్తా కొట్టే ఖతరా ఉంది. సన్నటి హవాలో అయితే ఒక్కో చక్కర్‌కి ప్రాణం పోయినంత పనవుతుంది. ఈలోపు ఆరేడుగురు దాటిపోతారు. ఎవరికైనా దెబ్బ తగిలేలా, పడవ బాగా దెబ్బతినేలా చేసినా, తోడిన కాయిదా వల్ల పెద్ద ఫాయిదా పొందినా చక్కర్లు చాలవు. పందెం వదిలి రావాల్సిందే.

ఒకసారి ఒడ్డు నుంచి చూస్తున్నాం. నాలుగో స్థానంలో ఉన్న ఒక కుర్రాడు మలుపు తిరిగి కాస్త దూరం పోయి, ఉన్నట్టుండి పక్కకి జరిగి ఒక చక్కర్ కొట్టాడు. ఎనిమిదికి పడిపోయాడు. మాకెవరికీ ఏమీ కనబడలేదు. ఒడ్డుకి రాగానే వాళ్ల అబ్బా నిలదీశాడు. "ఎందుకు తిరిగావ్ రా? ఎవరన్నా అరిచారా?" లేదన్నాడు. "మరి?" "గుర్తుకి పడవ తగిలింది అబ్బా. చప్పుడు వచ్చింది." "ఎవరు చూశారు?" కుర్రాడు జవాబు చెప్పలేదు. తెరచాప మడత పెడుతూ ఉండిపోయాడు.

ఆ అబ్బా చెడ్డవాడేం కాదు. ఫీజులు, పెట్రోల్, ఎండ, సెలవు రోజు నిద్ర అన్నీ ఖర్చుపెట్టి వచ్చినవాడు. నాలుగో స్థానం ఆయన కళ్ల ముందే జారిపోయింది. కానీ ఆ రోజు కొడుకు చేసిన పనికి శభాష్ చెప్పాల్సిన మొదటి మనిషి ఆయనే. ఆ ఒక్క మాట అనకుండా ఉండి, పైనుంచి ఆ సవాల్ అడగడం వల్ల వచ్చే ఆదివారం ఆ కుర్రాడు గుర్తుకి తగిలినప్పుడు ఏం చేస్తాడు? నాకు ఫికర్ దాని గురించే.

"నిజాయితీ మంచిదే భాయ్, కానీ పక్కవాళ్ల పిల్లలు తిరగడం లేదు కదా, మనవాడొక్కడే బేవకూఫ్ కావాలా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నలో దమ్ముంది, తోసిపారేయను. దానికి జవాబు కాయిదాల్లోనే ఉంది. నీ గల్తీకి నువ్వు సజా వేసుకో అంటే, ఎదుటివాడి గల్తీని మూసుకుని భరించు అని మతలబ్ కాదు. ఎదుటివాడు తోడి, చక్కర్ కొట్టకుండా పోతే ప్రొటెస్ట్ చెయ్యి. దానికి పూరా ఇంతెజామ్ ఉంది. ఇంకో మాట కూడా ఉంది. ఈ పోటీ ఒక్క పందెంతో తేలదు. మొదటి స్థానానికి 1 పాయింటు, రెండుకి 2, అలా లెక్క. తక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. ముప్పై పడవలు పేరిచ్చుకున్న పోటీలో పందెం వదిలేస్తే 31. కానీ వరుసగా తగినన్ని పందేలు అయ్యాక మామూలుగా అన్నిటికన్నా పాడైన ఒక స్కోరు కొట్టేస్తారు. నిజాయితీగా పోగొట్టుకున్న ఒక పందెం బచ్చాని ముంచేయదు. ఆ హిసాబ్ ఒడ్డున ఉన్న మనకి తెలియక మన బీపీ పెరుగుతోంది.

ప్రొటెస్ట్ అంటే దుష్మనీ కాదు

ప్రొటెస్ట్ అనగానే మనవాళ్లకి ధర్నా గుర్తొస్తుంది. లేదా పోలీసు కంప్లయింట్. పిల్లల మధ్య దోస్తీ చెడుతుందని చాలామంది అమ్మీలు వద్దంటారు. నా రాయ్ దీనికి ఉల్టా. ప్రొటెస్ట్ లేకపోతేనే దోస్తీ చెడుతుంది. లోపల పెట్టుకున్న శికాయత్ డ్రెస్సింగ్ రూమ్‌లో తిట్టుగా, స్కూల్లో చాడీగా, వాట్సాప్‌లో తల్లుల తగాదాగా బయటకొస్తుంది.

పద్ధతి సీదాగా ఉంటుంది. సంగతి జరిగిన వెంటనే, వీలైన మొదటి క్షణంలో, ఎదుటివాడికి వినబడేలా "ప్రొటెస్ట్" అని అరవాలి. ఆరు మీటర్ల కన్నా పొడవైన పడవలైతే ఎర్ర జెండా కూడా చూపాలి. ఆప్టిమిస్ట్, ఇల్కాలాంటి చిన్నవాటికి అరుపు చాలు. ఒడ్డుకి వచ్చాక గడువులోపు కాగితం రాసివ్వాలి. గడువు నోటీసు బోర్డు మీద ఉంటుంది. వేరే రాయకపోతే చివరి పడవ పందెం ముగించాక రెండు గంటలు. తర్వాత విచారణ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరూ మొత్తం విచారణలో ఉండే హక్కు ఉంది. బొమ్మ పడవలు బల్ల మీద పెట్టి ఎక్కడ ఎవరున్నారో, హవా ఎటు ఉందో చూపిస్తారు. గవాహ్‌లని పిలుస్తారు. ఒకరి గవాహ్‌ని ఇంకొకరు సవాల్ చేయొచ్చు. కమిటీలో ఎవరికైనా ఒక పిల్లవాడితో రిష్తేదారీ ఉంటే ముందే చెప్పాలి, వద్దనే హక్కు ఎదుటివాడికి ఉంది. చివర కమిటీ ముందు ఏం జరిగిందో తేల్చి రాస్తుంది, ఆ తర్వాతే ఏ కాయిదా తోడారో ఫైసలా చేస్తుంది. పన్నెండేళ్ల పిల్లకి ఇంత ఇజ్జత్‌గా తన మాట చెప్పుకునే మౌకా మన సమాజంలో ఇంకెక్కడ ఉంది చెప్పండి?

ఇక్కడే నాకు క్లబ్బుల మీద శికాయత్ ఉంది. ఒక పోటీలో, ఊరూ పేరూ ఎందుకులెండి, మావాడు ప్రొటెస్ట్ వేశాడు. ఎదుటి కుర్రాడు మంచి ఇంగ్లీషు స్కూలు నుంచి వచ్చినవాడు. గదిలో అంతా ఇంగ్లీషులో నడిచింది. మావాడికి కాయిదా తెలుసు, ఏం జరిగిందో తెలుసు. బొమ్మ పడవలు సరిగ్గానే పెట్టాడు. కానీ "నువ్వు తిప్పడం మొదలుపెట్టినప్పుడు అతను ఎంత దూరంలో ఉన్నాడు, అతను తప్పుకోవడానికి ఏం చేశాడు" అని గడగడా అడిగేసరికి నాలుక మొద్దుబారింది. ఉర్దూలో చెప్పనా అని అడిగాడు. ఆ ముగ్గురిలో ఒకాయనకి ఉర్దూ బ్రహ్మాండంగా వచ్చు. పొద్దున టీ దగ్గర నాతో ఉర్దూలోనే మాట్లాడాడు. అయినా "ఇంగ్లీష్ ప్లీజ్" అన్నారు. ప్రొటెస్ట్ కొట్టేశారు. ఓడిపోయినందుకు నేను ఇది రాయడం లేదు. సరిగ్గా విన్నాక కూడా కొట్టేసి ఉండొచ్చు. నా బాధ, వాళ్లు వినలేదని.

కాయిదాల పుస్తకం ఈ విషయంలో మన క్లబ్బుల కన్నా పెద్ద మనసు చూపించింది. నీళ్ల మీద వేయాల్సిన కేకల గురించి అందులో సాఫ్‌గా ఉంది. చుట్టూ ఉన్న పడవలవాళ్లకి అర్థమయ్యే భాష అయితే ఇంగ్లీషు కాకుండా వేరే భాషలో కేక వేయొచ్చు. ఇంగ్లీషు ఎప్పుడైనా చెల్లుతుంది. పందెం నడుమ, గాలీ నీళ్లూ హోరెత్తుతున్న చోట భాషకి అంత జాగా ఇచ్చినప్పుడు, తలుపులు మూసిన గదిలో నింపాదిగా మాట్లాడే చోట ఎందుకు ఇవ్వకూడదు?

"నేషనల్స్‌కి పోతే ఇంగ్లీషే కావాలి, ఇప్పుడే అలవాటు కావాలి కదా" అని క్లబ్బువాళ్లు అంటారు. ఇంగ్లీషు నేర్చుకోవద్దని నేను అనడం లేదు. నేర్పండి. కానీ విచారణ గది ఇంగ్లీషు క్లాసు కాదు. అక్కడ తేలాల్సింది ఎవరి పడవ ఎక్కడుందన్నది. తెలుగులో చెప్పినా, ఉర్దూలో చెప్పినా పడవ ఉన్నచోటే ఉంటుంది. ఇన్సాఫ్ దొరకదని ఒకసారి తేలిపోయిన పిల్లవాడు రెండోసారి ప్రొటెస్ట్ వేయడు. మూడోసారి తన చక్కర్ తాను కొట్టడు. తనకి ఇన్సాఫ్ చేయని కాయిదాకి వాడెందుకు తలవంచాలి? నిజాయితీ, విచారణ ఒకే బండికి రెండు చక్రాలు. ఒకటి ఊడితే రెండోది నడవదు.

ఒడ్డున మన సంగతి

క్లబ్బులని అన్నాక మనల్నీ అనుకోవాలి. పందెంలో ఉన్న పడవకి బయటి నుంచి మదద్ అందకూడదని కాయిదా ఉంది. ప్రమాదంలో ఉన్నప్పుడు ఆదుకోవడం వేరు. ఒడ్డు మీద నిలబడి "ఎడమకి తిప్పు బేటా, అక్కడ హవా ఉంది" అని అరిచే మామూలు, చాచాలు ప్రేమతోనే అరుస్తారు. కానీ వాళ్లు తమ పిల్లవాడికి అన్యాయం చేస్తున్నారు. హవాని చదవడం, తప్పో ఒప్పో తానే ఫైసలా చేసుకోవడం నేర్చుకోవడానికే కదా వాణ్ణి నీళ్లలోకి పంపింది. అలాగే పందెంలోకి దిగాలా వద్దా, మధ్యలో ఆపేయాలా అన్న ఫైసలా కూడా పడవ నడిపేవాళ్లదే అని పుస్తకం రాసింది. హవా ఎక్కువగా ఉంది, నాకు భయంగా ఉంది, వెనక్కి వచ్చేస్తున్నా అని పిల్ల వస్తే, "అందరూ ఉన్నారు, నువ్వెందుకు వచ్చావ్?" అని అడగకండి.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఆప్టిమిస్ట్‌లో అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే గీత మీద, ఒకే పందెంలో నడుపుతారు. "మా బేటీ దుస్తుల సంగతి ఏంటి?" అని నన్ను ఇద్దరు అమ్మీలు అడిగారు. కాయిదా బట్టల బరువు గురించి మాట్లాడుతుంది. బరువు పెంచుకోవడానికని బట్టలు వేసుకోకూడదు. నిండు చేతులు, నిండు కాళ్లు వద్దని అందులో లేదు. ఎండకీ నీళ్లకీ అవే మంచివి కూడా. తలకి కట్టుకునేది తాళ్లలో చిక్కుకోకుండా బిగుతుగా ఉండాలి, దాని మీద లైఫ్ జాకెట్ సరిగ్గా కూర్చోవాలి. లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు అడగకండి. మొదటి నెలలో పిల్లని పడవ బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టించి చూపించమని ఉస్తాద్‌ని అడగండి. చూపించని ఉస్తాద్ దగ్గరికి పంపకండి.

కాయిదా మంచితనాన్ని కూడా లెక్కపెడుతుంది

ఈ ఆట కాయిదాల్లో అన్నిటికన్నా ముందు, నంబర్ ఒకటి ఏమిటో తెలుసా? ప్రమాదంలో ఉన్నవాళ్లకి చేతనైనంత సాయం చేయాలి. గెలవడం గురించి ఆ తర్వాతే.

1988 సియోల్ ఒలింపిక్స్. పడవల పందేలు బూసాన్ తీరంలో జరిగాయి. కెనడావాడు లారెన్స్ లెమ్యూ ఫిన్ తరగతిలో రెండో స్థానంలో నడుస్తున్నాడు. గాలి బాగా ముదిరింది. వేరే తరగతిలో పోటీ పడుతున్న సింగపూర్ వాళ్ల పడవ బోల్తాపడి, ఇద్దరూ నీళ్లలో ఉన్నారు. లెమ్యూ తన దారి వదిలేసి వాళ్ల దగ్గరికి పోయాడు. ఇద్దరినీ తన పడవలోకి లాక్కుని, రక్షించే పడవ వచ్చేదాకా ఆగాడు. తర్వాత పందెంలో మళ్లీ కలిశాడు. అప్పటికి ఇరవైకి అవతలపడ్డాడు. జ్యూరీ కూర్చుని ఆ పందెంలో అతనికి రెండో స్థానం తిరిగి ఇచ్చింది. సాయం చేయడం వల్ల పోగొట్టుకున్నదాన్ని తిరిగి ఇప్పించే కాయిదా ఉంది కాబట్టి ఇవ్వగలిగింది. ఆ పోటీలో మొత్తం మీద అతనికి పతకం రాలేదు. ఒలింపిక్ కమిటీ మాత్రం పియర్ డి కూబర్తాన్ పతకం ఇచ్చి ఇజ్జత్ చేసింది.

ఇది నేను పిల్లలకి చెప్పినప్పుడు వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "మన తాలాబ్‌లో కూడా అలా తిరిగి ఇస్తారా?" ఇస్తారు. ఒలింపిక్స్‌కీ ఆదివారం క్లబ్బు పందేనికీ కాయిదా ఒకటే. అడగాలి, అంతే. అడగొచ్చని పిల్లలకి తెలియాలి.

అందుకని క్లబ్బుల పెద్దలకి నా దరఖాస్తు ఇది. పందెం ముందు చెప్పే సూచనలు తెలుగులో, ఉర్దూలో కూడా చెప్పండి. జెండాల అర్థాలు, దారి హక్కుల మూడు కాయిదాలు, చక్కర్ల సంగతి ఒక పేజీలో రెండు భాషల్లో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. రాసిచ్చేవాళ్లు లేరంటే నేను రాసిస్తా, పైసా వద్దు. విచారణలో పిల్లవాడు తనకి వచ్చిన భాషలో మాట్లాడితే వినండి. కమిటీకి రాకపోతే తర్జుమాకి ఎవరినన్నా కూర్చోబెట్టండి.

అమ్మీ అబ్బాలకి దరఖాస్తు ఇంకా చిన్నది. పిల్లలు నీళ్ల మీద నుంచి వచ్చాక "ఎన్నో నంబర్?" అని అడిగే ముందు "ఇవాళ చక్కర్లు కొట్టావా?" అని అడగండి. కొట్టానంటే ఎందుకో చెప్పమనండి. మధ్యలో మాట్లాడకుండా పూరా వినండి. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఉస్మానియా బిస్కెట్, చాయ్ ఇప్పించండి. నాలుగో స్థానం వచ్చిన రోజు ఇప్పిస్తారు కదా, చక్కర్ కొట్టి ఎనిమిదికి పడిన రోజు కూడా ఇప్పించండి.